నమ్మిన దవడపన్ను

మార్గశీర్షమాసారంభమున ప్రాతఃకాలహిమధూమపటలము గోదావరికాలువల మీదినుండి మెల్లమెల్లగా విచ్చుచుండగా నూర్పిడి ముగిసిన కళ్ళములలో ధాన్యరాశులు బాలాతపమున బంగారువన్నె దాల్చి మెఱయుచుండగా తూర్పుదిక్కున నొక నీలమేఘశకలము మాత్రము పిలువని చుట్టమువలె వచ్చి కూర్చుండెను.

ఆ ప్రాంతపు బియ్యపుమిల్లునకు ధాన్యపరీక్షకుడు తాడి అమ్మిరెడ్డి. వడ్లగింజ దవడపంటికింద పటుక్కున విఱిగిన నెండినదనియు మెత్తగా నలిగిన పచ్చిదనియు దేల్చు నతని మాటకు మిల్లున నెదురులేదు. అట్టివాని రెండువైపుల దవడపండ్లును గడచిన వేసవిలో పుచ్చి విఱుగగా దంతవైద్యురాలు హిమజ కుడిపంటిని చేతితో పొరలుపొరలుగా మెత్తు మామూలు పంటిసిమెంటుతోను ఎడమపంటిని కంప్యూటరుకొలతలతో యంత్రమున నచ్చువేయించిన తునుకతోను బూడ్చి యేది యెక్కువకాలము నిలుచునో చూతమని యతని సమ్మతితోనే పోలిక పెట్టెను.

అమ్మిరెడ్డి సమ్మతించెనేగాని నమ్మలేదు. మనుష్యహస్తస్పర్శ లేక పుట్టిన యా తునుక తన నోటనే కూర్చుండి తన్నే మోసగించునను శంక యతని నావహించెను. అద్దమున దానిని దొంగను జూచినట్లు చూచుచు గింజలన్నిటిని కుడివైపుననే కొఱుకుచుండెను.

నాడు కౌలురైతు పెంకె గనిరాజు ట్రాక్టరు నిండ వడ్లు దెచ్చెను. గింజ కుడిపంటికింద మెత్తగా నలిగెను. ఎందులకో యెడమపంటికింద నింకొకటి వేయగా పటుక్కుమనెను. యంత్రముపై నున్న యనుమానము రైతుమీదికిని బ్రాకెను.

“తూకం కోసం నీళ్ళేమన్నా చల్లేవేంట్రా గనిరాజూ?”

“అమ్మతోడండి, బాగా ఎండబెట్టేనండి. మబ్బట్టేసిందండి, ఎనక్కి పంపితే మొలకలొచ్చేత్తాయండి. ఇంకోపాలి సూడండి!”

“నా కుడిపన్ను అబద్ధం చెప్పదు. పట్టుకెళ్ళు.”

గనిరాజు పోయినను ఆ పటుక్కుమన్న చప్పుడు మాత్రము చెవిని వదలకపోవుటచే అమ్మిరెడ్డి మండిపడుచు వైద్యాలయమునకు బోయెను.

“ఆ మర తునక పీకెయ్యండమ్మా. అబద్ధాలాడతంది.”

హిమజ రెండుపండ్లను బరీక్షించెను. “అది చెక్కుచెదరలేదండి. గుంటపడింది కుడిదానికి. గింజలన్నీ ఈ వైపే కొరుకుతున్నారా?”

“నమ్మకమైంది కదా అనమ్మా.”

“అందుకే అరిగిపోయింది. గింజ ఆ గుంటలో కూర్చుంటే ఎండిందైనా పటుక్కుమనదండి, మెత్తగా నలిగినట్టే ఉంటుంది. రెండువైపులా కొరికుంటే ఏది గట్టిదో తెలిసేది. ఇప్పుడు పోలికకే దారి లేదు.”

అమ్మిరెడ్డి కుర్చీనుండి దిగ్గున లేచెను. సిగ్గును భయమును దఱుముచుండగా నతడు గనిరాజు కళ్ళము చేరునప్పటికి వాన ముంచెత్తుచుండెను. మిల్లునుండి త్రిప్పితెచ్చి పోసిన ధాన్యరాశి కప్పిన బరకము చాలక తడిసి ముద్దయ్యెను. గనిరాజు దోసెడు వడ్లు ముందునకు జాచెను.

అమ్మిరెడ్డి యెడమపంటితో గొఱికెను. కుడిపంటితో గొఱికెను. అవిశ్వాసముచే నింతకాలము వేఱుపడియున్న యా రెండుపండ్లును నాడు తొలిసారిగా నొక్కమాటపై నిలిచెను. గింజ రెండింటికిందను మెత్తగా నలిగెను.