నిశాంత్ అవుటట

శనివారం పొద్దున నేను ఇర్వింగ్ నుంచి ప్లేనోలో మా చెల్లెలు విద్య ఇంటికి వెళ్ళేసరికి అది ఇడ్లీలు దించుతోంది. వాళ్ళబ్బాయి నిశాంత్ ముందురోజే కాలేజీ నుంచి వచ్చాడు. టేబుల్ దగ్గర కూర్చున్నాడు. వాడు కూర్చుంటే కింద కుర్చీ ఉందో లేదో తెలియదు, అంత మనిషి. పళ్ళెంలో ఇడ్లీలు అలాగే ఉన్నాయి. వాడి ముందు ఇడ్లీ చల్లారడం నేనెప్పుడూ చూడలేదు.

"నాన్నా, ఒకటి చెప్పాలి," అన్నాడు.

మా బావ శశికాంత్ ఫోన్లో బస్సులవాడికి మెసేజ్ పెడుతున్నాడు. తలెత్తకుండానే "చెప్పరా" అన్నాడు.

"నేను బౌల్ గేమ్ ఆడటం లేదు."

నిశాంత్ ఆడేది అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. ఎక్కడి నుంచో విసిరిన కోలబంతిని పరుగెత్తి పట్టుకోవడం వాడి పని. పట్టుకోగానే నలుగురు వచ్చి మీద పడతారు. ఆ పని వాడు చేసినట్టు ఈ ఏడు ఇంకెవరూ చేయలేదని టీవీలో చెబుతుంటారు. సీజనంతా అయిపోయాక, బాగా ఆడిన కాలేజీలను రెండేసి చొప్పున పిలిచి పండగలా ఆడించేదే బౌల్ గేమ్. గెలిస్తే ఒక కప్పు, ఓడితే పోయేదేమీ లేదు. వీళ్ళది హ్యూస్టన్‌లో పెట్టారు. దానికని మా బావ రెండు బస్సులు మాట్లాడాడు. తెలిసిన తెలుగువాళ్ళందరికీ 'మన నిశాంత్' అని అచ్చు వేయించి నీలం టీషర్టులు పంచాడు.

"కోచ్ తీసేశాడా?" అన్నాడు బావ.

"లేదు."

"దెబ్బ తగిలిందా?" విద్య గరిటెతోనే వచ్చేసింది.

"లేదమ్మా, ఐయామ్ ఫైన్. నేనే ఆప్ట్ అవుట్ చేస్తున్నా. అంటే, నేనే వద్దనుకున్నా."

ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ ఉంటుంది. ఆట మీద బతికే పెద్ద జట్లు కాలేజీ పిల్లల్లోంచి తమకు కావలసినవాళ్ళను వరసగా ఏరుకుంటాయి. వాడి పేరు ముందు వరసలోనే వస్తుందంటున్నారు.

"పోయినేడు మా టీంలో మార్కస్ బౌల్ గేమ్ ఆడాడు నాన్నా. మోకాలు పోయింది. ఏప్రిల్‌లో ఎవ్వరూ కాల్ చేయలేదు. ఇప్పుడు వాళ్ళ ఊర్లో టైర్ షాప్‌లో వర్క్ చేస్తున్నాడు."

"అందరి మోకాళ్ళూ పోతాయట్రా? రెండు బస్సుల జనాన్ని తీసుకెళ్ళి ఎవర్ని చూపించను? గడ్డి చూపించనా? ఆంజనేయప్రసాద్ వాళ్ళ అత్తగారిని కూడా తెస్తున్నాడు!"

"నేను వస్తాను కదా. సైడ్‌లైన్‌లో ఉంటా. మా టీంకి వాటర్ ఇస్తా."

"నీళ్ళిస్తావా! నీళ్ళివ్వడానికా నేను..." అని ఆగిపోయాడు. ఫోన్ బోర్లా పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

విద్య చల్లారిన ఇడ్లీలు తీసేసి వేడివి వేసింది. "ఆడకపోతే పోయె. తిను," అంది. వాడి ఆటని మా చెల్లెలు ఏనాడూ కళ్ళు తెరిచి చూడలేదు. వాడు బంతి పట్టగానే మొహం చేతుల్లో దాచుకుని, "లేచాడా? లేచాడా?" అని అడిగేది.

తరువాత గరాజ్‌లో వాడి సంచులు దించుతుంటే, "మామా, మా టీంకి చెప్పేటప్పుడు ఏడ్చేశాను. నాన్నకి చెప్పకు," అన్నాడు.

"చెప్పను," అన్నాను.

మధ్యాహ్నం నిశాంత్ ఆ మాటే పద్ధతిగా రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. పావుగంటలో ఆండాళ్‌గారు ఫోన్ చేశారు. ఆండాళ్‌గారు, ఆవిడ భర్త డాక్టర్ నరసింహంగారు ప్లేనోలో అందరికంటే ముందు వచ్చిన తెలుగువాళ్ళు. ఎవరింట్లో ఏం జరిగినా మొదటి ఫోన్ వాళ్ళదే. బావ స్పీకర్లో పెట్టాడు.

"శశీ, మా మనవరాలు ఇషా చెప్పిందయ్యా, నిశాంత్ అవుటటగా! పాపం, తీసేశారా, కాలా?"

మన చెవికి 'ఆప్ట్' ఎక్కదు. 'అవుట్' ఒక్కటే వినపడుతుంది. పైగా మన లెక్కలో ఆటగాడు ఆడలేదంటే తీసేసైనా ఉండాలి, కాలైనా విరిగి ఉండాలి. తనంతట తాను ఆడననేది ఒకటి ఉంటుందని మనకి తోచదు.

బావ టేబుల్ మీది చెంచాను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆవిడ అడిగిన రెండింట్లో తక్కువ నామోషీ ఏదో చూసుకుంటున్నాడని నాకు అర్థమైంది.

"కాలేనండీ," అన్నాడు. "మోకాలు. కొద్దిగా."

విద్య మొగుడి వైపు చూసింది. ఆయన చెంచా వైపు చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రానికి వీధికి రెండు పక్కలా కార్లు ఆగాయి. పరామర్శకు వచ్చారు జనం. యాపిల్స్, దానిమ్మలు, అరటిపళ్ళు, హార్లిక్స్ సీసాలు. నేను ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్లో కూరగాయలు సర్దుతాను కాబట్టి సంచి చూస్తే ఎవరు ఏ కొట్లో కొన్నారో తెలుస్తుంది. బావ స్నేహితుడు ఆంజనేయప్రసాద్ కొబ్బరిబోండాలు తెచ్చాడు. చెప్పులు గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చాయి. అందరూ సోఫాల్లో కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

అప్పుడు నిశాంత్ పైనుంచి దిగాడు. మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాడు. కింద అంతమందిని చూసి "హాయ్ ఆంటీ, హాయ్ అంకుల్," అని నవ్వాడు.

"నాన్నా, మెల్లగా!" ఆండాళ్‌గారు గుండె పట్టుకున్నారు. "చూశారా, బాధ దిగమింగుకుని ఎలా నవ్వుతున్నాడో. కూర్చో తండ్రీ. కాలు చాపు."

"ఆంటీ, నాకు పెయిన్ లేదు."

"ఉండదు నాన్నా. లోపలి దెబ్బ పైకి తెలియదు."

వాడు వాళ్ళ నాన్న వైపు చూశాడు. బావ హార్లిక్స్ సీసాలు వరసగా సర్దుతున్నాడు. వాడికేదో అర్థమైంది. పెద్దవాళ్ళ ముందు తండ్రిని తక్కువ చేయలేక కాలు చాపాడు. ఆండాళ్‌గారు తమ పెరట్లో కుండీలో పెంచుకునే ఆముదం మొక్క ఆకులు తెచ్చారు. పెనం మీద వెచ్చచేసి, మోకాలికి చుట్టి, పాత చీర ముక్కతో కట్టారు. అంత కాలికి ఆ ముక్క చాలలేదు, రెండోది చింపాల్సి వచ్చింది. కట్టాక ఫోటో తీశారు.

నరసింహంగారు నలభై ఏళ్ళు ఎముకల డాక్టరుగా చేసి రిటైరయినవారు. కట్టు కట్టకముందు ఆ మోకాలిని వంచి, తిప్పి, నొక్కి చూశారు. చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చి, అక్కడున్న బావతో, "మోకాలు ఇనుములా ఉంది శశీ. నీకేమైంది?" అన్నారు.

"సార్, ప్లీజ్. నేనే చెబుతాను."

"తొందరగా చెప్పు. మా ఆవిడ రేపు రెండోసారి కట్టు మారుస్తానంటోంది," అని ఆయన వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున నిశాంత్ ఫోన్ ఆగకుండా మోగింది. ఆండాళ్‌గారు ఫోటోను వాట్సాప్‌లో పెట్టారు. ముచ్చటగా ఉందని ఆవిడ మనవరాలు ఇషా తన ఇన్‌స్టాలో పెట్టింది. అక్కడి నుంచి ఎవరో ఆటల వార్తలు రాసేవాడు తీసుకుని, మోకాలు చెడిపోయినందుకే ఈ కుర్రాడు బౌల్ గేమ్ మానేశాడా, ఆకులతో వైద్యం చేయించుకుంటున్నాడా, అని రాశాడు. నిశాంత్ తరఫున జట్లతో మాట్లాడే ఏజెంట్ ఫోన్ చేశాడు. తెల్లాయన. స్పీకర్లోంచి ఆయన గొంతు ఇల్లంతా వినపడింది. ఆ ఇంగ్లీషులో నాకు అందినంతవరకు, పొద్దుటి నుంచి మూడు జట్లవాళ్ళు అడిగారట, కుర్రాడి మోకాలు నిజంగా పోయిందా అని.

నిశాంత్ ఫోన్ పెట్టేసి కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"నాన్నా, మోకాలు సేఫ్‌గా ఉండాలనే నేను ఆడటం లేదు. ఇప్పుడు ఆడకుండానే వాళ్ళు నా మోకాలు పోయింది అనుకుంటున్నారు. డౌట్ వస్తే వాళ్ళు తీసుకోరు నాన్నా. మార్కస్ లాగా."

బావ గడ్డం గీసుకోలేదు. రాత్రంతా పడుకున్నట్టు కూడా లేడు.

"ఎందుకలా చెప్పారండీ?" అంది విద్య. "వాడు వద్దనుకున్నాడంటే ఏం పోయేది?"

"పిరికివాడంటారని," అన్నాడు బావ.

"ఎవరు?"

ఈలోగా బయట కారు తలుపులు పడ్డాయి. గుడి నుంచి ఆండాళ్‌గారు, నరసింహంగారు, ఆంజనేయప్రసాద్ కుటుంబం, వెనక ఇంకో రెండు కార్లవాళ్ళు. ఆండాళ్‌గారి చేతిలో మళ్ళీ ఆకులు. నిశాంత్ పేరున అర్చన చేయించి ప్రసాదం కూడా తెచ్చారు.

బావ వాళ్ళను లోపలికి రానివ్వలేదు. చెప్పులు లేకుండానే వాకిట్లోకి నడిచాడు. డిసెంబరు చలికి సిమెంటు జిల్లుమంటోంది.

"ఒక్క నిమిషం అందరూ ఆగండి. వాడి కాలికేం కాలేదు. నేనే అబద్ధం చెప్పాను."

ప్రసాదం డబ్బా పట్టుకున్న ఆండాళ్‌గారు అలాగే ఆగిపోయారు.

"మరి అవుటని..."

"అవుట్ కాదండీ. ఆప్ట్ అవుట్. వాడే ఆడనన్నాడు."

ఆంజనేయప్రసాద్‌కి నోరు ఊరుకోదు. "అదేంటి బాసూ, చివరి ఆటకి భయపడ్డాడా? మా అత్తగారికి ఏం చెప్పుకోను? ఆవిడ టీషర్టుకి మ్యాచింగ్ గాజులు కూడా కొనుక్కుంది."

బావ మొహం ఎర్రబడింది. నేను ఒకడుగు ముందుకు వేసి ఆగాను. ఆ మాటకి బదులు ఆయన చెప్పాల్సిందే.

"ప్రసాద్, మీ అబ్బాయి ఎంసెట్ రాశాడనుకో," అన్నాడు బావ. మాట మెల్లగా మొదలై పోనుపోను గట్టిపడింది. "మంచి ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌కి ఇంకో నాలుగు నెలలుంది. ఈలోపు కాలేజీవాళ్ళు పిలిచి, మన వార్షికోత్సవానికి సరదాగా ఇంకో పరీక్ష రాయి బాబూ, మార్కులు కలపం, కానీ రాస్తుంటే నలుగురు వచ్చి నీ చెయ్యి విరగ్గొట్టచ్చు, విరిగితే ర్యాంకు పోతుంది అన్నారు. నువ్వు పంపిస్తావా?"

"ఛ, ఛ! ఎందుకు పంపిస్తాను? తలుపు గడియ పెడతాను."

"నేను పంపబోయాను," అన్నాడు బావ. "బస్సులు కూడా మాట్లాడాను. వద్దనుకునే తెలివి వాడికి ఉంది. నాకు లేకపోయింది."

కౌన్సెలింగ్ అన్నాక ఇంక ఎవరికీ ఏమీ విప్పి చెప్పనక్కర లేకపోయింది. అందరి తలలూ ఊగాయి. వెనక నుంచి ఎవరో, "అట్లనే చెప్పాలి గదన్నా ముందే. పండ్లు దండుగైనయి," అన్నారు. జనం నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ నిశాంత్‌కి ఎంసెట్ అంటే ఏమిటో తెలియదు. అయినా నవ్వాడు.

"అయితే పేపరువాడికి ఎవరు చెబుతారు?" అన్నారు నరసింహంగారు. "నేను సర్టిఫికెట్ రాస్తే నమ్మరు. పరిగెత్తి చూపించమనండి."

నిశాంత్ బూట్లు వేసుకుని వీధిలోకి వచ్చాడు. బంతి వాళ్ళ నాన్న చేతికిచ్చాడు. "త్రో చెయ్యి నాన్నా."

"నేనా?"

"ఎవరైనా పర్లేదు. నేను పట్టుకుంటా."

వాడు పరుగు తీశాడు. అంత శరీరం అంత తేలిగ్గా కదలడం ఇంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. అడుగుల చప్పుడు కూడా సరిగా వినపడలేదు. బావ బలమంతా పెట్టి విసిరాడు. బంతి అడ్డంగా గింగిరాలు తిరుగుతూ ఎదురింటి మెయిల్‌బాక్స్ వైపు పోయింది. నిశాంత్ పరుగులోనే తిరిగి, గాల్లోకి లేచి, ఒంటిచేత్తో దాన్ని లాక్కుని, అదే మోకాలి మీద ఆని లేచాడు. వీధంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. విద్య ఈసారి మొహం దాచుకోలేదు.

"ఇంకోటి," అన్నాడు బావ. చేతులు పాంటుకి తుడుచుకున్నాడు.

అందరూ తీసిన వీడియోలన్నీ ఇషా పోగుచేసి నిశాంత్ ఏజెంట్‌కి పంపింది. మధ్యాహ్నానికి ఆ పిల్లే మళ్ళీ ఇన్‌స్టాలో పెట్టింది, ఈసారి అందరికీ చెప్పి.

జనం వెళ్ళబోతుంటే బావ అన్నాడు: "హ్యూస్టన్ బస్సులు క్యాన్సిల్ చేసేస్తాను. వాడు ఆడడు కదా."

ఆండాళ్‌గారు కారు తలుపు పట్టుకుని వెనక్కి తిరిగారు. "ఎందుకు? ఆడకపోయినా నిలబడతాడుగా? నిలబడ్డవాణ్ణి చూస్తే తప్పా?"

రెండు బస్సులూ వెళ్ళాయి. అప్పటికి జట్లవాళ్ళు మోకాలి సంగతి అడగడం మానేశారు. నేను కొట్లో సెలవు పెట్టి వెళ్ళాను. నిశాంత్ జీన్స్ మీద జట్టు జెర్సీ వేసుకుని గీత పక్కన నిలబడ్డాడు. ఆటగాళ్ళు బయటికి రాగానే నీళ్ళ సీసాలు అందిస్తున్నాడు. తన చోట ఆడుతున్న కుర్రాణ్ణి దగ్గరికి లాక్కుని, హెల్మెట్ పట్టుకుని చెవిలో ఏదో చెప్పి పంపాడు. ఆ కుర్రాడు వెళ్ళి బంతి పట్టాడు. అందరికంటే ముందు ఎగిరింది నిశాంత్. వాడు ఎగిరినప్పుడల్లా మావాళ్ళు వాడి పేరే అరిచారు. ఆట ఒకచోట, అరుపులు ఇంకోచోట.

మా ముందు వరసలోని ముసలాయనకు విసుగు పుట్టినట్టుంది. వెనక్కి తిరిగి, ఈ నిశాంత్ ఎవరు, ఎక్కడున్నాడు, నాకు కనపడటం లేదే అని ఇంగ్లీషులో అడిగాడు.

బావ లేచి నిలబడి, మైదానం వైపు కాకుండా గీత పక్కకి చెయ్యి చూపించాడు.

"అదిగో, నీళ్ళ సీసాలు పట్టుకున్నాడే, వాడు. మా అబ్బాయి. ఇవాళ ఆడటం లేదు."

బావ ఇంగ్లీషులోనే చెప్పాడు. నాకు మాత్రం తెలుగులో చెప్పినట్టే అర్థమైంది. ముసలాయన తలాడించి ఆటవైపు తిరిగాడు. బావ కూర్చోలేదు. వెనకవాళ్ళు కూర్చోమని అరుస్తున్నా, వాడు మళ్ళీ సీసాలు నింపుకుని వచ్చేదాకా అలా నిలబడే చూశాడు.