మేనేజరు వద్దన్న మేత

బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు. ఆ మాట పుట్టించినవాడికి బావమరిది ఉండి ఉండడు. ఉన్నా వాడు శాంపిలు లాంటివాడు మాత్రం అయి ఉండడు.

శాంపిలు అంటే కొట్టాయన భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. కంపెనీ సరుకు కొట్టుకొట్టుకీ తిప్పి అమ్మే ఉద్యోగం వాడిది. జేబులో ఎప్పుడు చెయ్యి పెట్టినా ఏదో ఒక కంపెనీ పొట్లం బయటికొస్తుంది గనక వీధి వాడికి పెట్టిన పేరది. మామగారు పోతూ పోతూ పెంపుడు జంతువుల మేత కొట్టుని కూతురికీ కొడుక్కీ చెరిసగం రాసిపోయాడు. రాయడమైతే చెరిసగం రాశాడు గానీ, బస్తాలు మోసిన నడుం మాత్రం ఒక్కటే. అది అల్లుడిది, అంటే కొట్టాయనది. కొడుకుని కాలేజీకి పంపాడు, అల్లుడిని గోడౌనుకి పంపాడు. లెక్కల మాస్టారి బెత్తానికి జడిసి ఆరో తరగతిలోనే బడి మానేసినవాడికి అంతకన్నా ఎవరిస్తారులే అని కొట్టాయన సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకున్నానని ఇరవై ఏళ్లుగా అందరితో చెబుతూనే ఉన్నాడు.

ఆ కొట్టుకో పద్ధతుంది. ఏ కంపెనీ పిల్లి మేత తెచ్చినా ముందు కొట్టాయన సంచీ విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చి వాసన చూస్తాడు. పాత నూనె కంపు కొడితే అక్కడికక్కడే మూతి కట్టి పంపేస్తాడు. తర్వాత గుప్పెడు పలుకులు గోరువెచ్చటి నీళ్ల గ్లాసులో వేస్తాడు. నీళ్లు ఎర్రబడితే రంగు కలిపారన్నమాట. ఆపైన సంచీ వెనక అచ్చు వేసింది వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాడు. మొదటి పేరు మాంసమా, మొక్కజొన్నా? ఇవన్నీ దాటాక మిగిలేది మేనేజరు.

మేనేజరు అంటే తూకం పళ్లెంలో పడుకునే బూడిదరంగు గండుపిల్లి. పని చెయ్యడు, అందరి మీదా ఓ కన్నేసి ఉంచుతాడు, అందుకని ఆ పేరు. మేనేజరు తింటే సరుకు అరలోకి ఎక్కుతుంది. మూతి తిప్పితే వెనక్కి పోతుంది. మేత కొనడానికొచ్చినవాళ్లు ధర అడిగేముందు "మేనేజరు తిన్నాడా?" అని అడగడం ఆ వీధిలో అలవాటైపోయింది. ఆ ఒక్క మాట మీద కొట్టు నడుస్తోంది.

ఓ సాయంత్రం బేరాలు జోరుగా ఉన్న వేళ శాంపిలు ఎర్ర సంచీ ఒకటి భుజాన వేసుకొచ్చాడు. సంచీ మీద మీసాలు మెలేసిన పిల్లి బొమ్మ, కింద 'బంగారు మీసం' అని అక్షరాలు.

"ఒక్క అర బావా. ఒకే ఒక్క అర నా సరుక్కివ్వు. నువ్వు పెడితే ఈ చుట్టుపక్కల కొట్లన్నీ పెడతాయి. నువ్వు కాదంటే కంపెనీ నన్ను ఇంటికి పంపించేస్తుంది."

"పంపితే పంపనీరా. బస్తాలు నీకోసం బెంగెట్టుకుని చిక్కిపోయాయి."

"వెటకారం తర్వాత. ముందు చూడు."

లోపలి గదిలోంచి భార్య గొంతు వినిపించింది. "పెట్టండి, అదేమన్నా కొరివా? వాడు పరాయివాడా?"

కొట్టాయన చెయ్యి దూర్చి చూశాడు. కమ్మటి వాసన, వేయించిన గింజా ఎండుచేపా కలిసినట్టుగా ఉంది. నీళ్లలో వేశాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. వేలు పెట్టి చదివాడు. మొదటి పేరు కోడిమాంసం. వంక దొరకలేదు. దొరకనందుకు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఒక పలుకు తీసి వేళ్ల మధ్య నొక్కితే అది నలగలేదు, రాయిలా ఉంది. గట్టి సరుకు, నిలవుంటుంది అనుకున్నాడు.

"మేనేజరుకి లోపల పెడదాం బావా," అన్నాడు శాంపిలు గొంతు తగ్గించి. "ఇంతమందిలో వాడు బెదురుతాడు."

"మా వాడికి దాపరికాలు లేవు," అంటూ కొట్టాయన గిన్నె తీసి అందరూ చూసేలా బల్ల మీదే పెట్టాడు.

మూడు పిల్లుల్ని సాకే టైలరమ్మ కొలతల టేపు మెళ్లో వేసుకునే ముందుకి వంగింది. ఎదుటి సెలూనతను కత్తెర చేత్తోనే గడప దాకా వచ్చాడు. మేనేజరు ఒళ్లు విరుచుకుని దిగాడు. వాసన చూశాడు. నాలిక చాపి పెదాలు తడుముకున్నాడు. శాంపిలు ముఖం వెలిగింది. మేనేజరు ఒక పలుకు నోట కరిచి తల ఓ పక్కకి వంచాడు. అది టక్కుమని బల్ల మీద పడింది. ఇంకొకటి తీశాడు. అదీ పడింది. అప్పుడు రెండడుగులు వెనక్కి వేసి, పెంట మీద మట్టి కప్పుతున్నట్టు ముందుకాలితో బల్లని గీరాడు.

కొట్టంతా గొల్లుమంది.

"మేనేజరు సంతకం పెట్టలేదయ్యోయ్!" అన్నాడు సెలూనతను.

కొట్టాయన ఎప్పుడూ అమ్మే మేత నాలుగు పలుకులు తీసి పక్కన పెట్టాడు. వేళ్లు తగిలితేనే పొడి రాలే సరుకది. మేనేజరు పొడితో సహా నాకేశాడు. ఇంకా నవ్వులు.

"రేపింకోసారి పెట్టి చూడు బావా. పొద్దున్న ఏదో తినుంటాడు," అన్నాడు శాంపిలు. వాడు మాత్రం నవ్వడం లేదు.

"మేనేజరు మాటంటే మాటే. చుట్టరికం చూసి చెత్త అమ్మితే రేపు నా మొహాన ఉమ్మేస్తారు."

చెత్త అన్నమాట అవసరం లేదు. ఆ సంగతి నోరు జారిన క్షణానే తెలిసింది. కానీ కాలేజీ చదివినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి అనడంలో ఏదో చల్లదనం ఉంది, ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్లు తాగినట్టు.

మేనేజరు వద్దన్నాడట అన్న మాట తెల్లారేసరికి వీధి చివర చేపల తొట్ల కొట్టు దాకా పోయింది. బంగారు మీసాన్ని ఎవరూ గడప ఎక్కనివ్వలేదు. నెల తిరక్కుండా కంపెనీ వాడి ఉద్యోగం పీకి, చేతిలో బ్యాగు తీసేసుకుంది.

వాడొచ్చి కేకలేస్తాడనుకున్నాడు కొట్టాయన. కేకలకి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. వాడు మాత్రం వచ్చి పావురాల మేత బస్తా మీద కూర్చుని, చొక్కా జేబులు తడుముకుని, ఏమీ లేక చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా సగం నాకిచ్చెయ్ బావా. అద్దెకిచ్చుకుంటా. పిల్లల ఫీజులున్నాయి."

"కొట్టు ముక్కలు చేస్తే ఎవడికి లాభంరా? సగం కొట్టులో సగం సరుకు, సగం సరుక్కి పావు బేరం."

"కలిసుంటే నాకొచ్చిన లాభం చూశాంగా."

భార్య ఆ రోజు నుంచి ఆయనతో రెండే మాటలు మాట్లాడింది. "వడ్డించాను" అన్నది ఒకటి. "తలుపేసుకోండి" అన్నది రెండోది.

నడిమధ్య గోడకని కొట్టు ముందు ఇటుకలు దింపిన రోజే మేనేజరు పాత మేత కూడా ముట్టడం మానేశాడు. మూతి నుంచి జిగురులాంటి చొంగ కారుతోంది. కాలితో చెంప తోముకుంటూ అరుస్తున్నాడు. మొగుడూ పెళ్లాలు వాణ్ణి బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

డాక్టరమ్మ వాడి దవడ విప్పి లైటు వేసింది. "ఇలా రండి, చూడండి. వెనక పళ్లన్నీ పుచ్చిపోయాయి. చిగుళ్లు ఎలా వాచాయో. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు. ఏడాది పైమాటే."

"ఏడాదిగా బాగానే తింటున్నాడండీ," అన్నాడు కొట్టాయన.

"పొడిపొడిగా ఉన్నవి పెడితే మింగేస్తాయి. గట్టివి నమల్లేక వదిలేస్తాయి. గట్టి మేత ఎప్పుడైనా నోట్లోంచి జారవిడిచాడా?"

కొట్టాయన గోడ మీది కుక్క బొమ్మ వైపు చూశాడు. పళ్లు పీకడానికి పిల్లిని లోపలికి తీసుకుపోతుంటే భార్య ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో అంది. "అయితే వాడి మేతకి ఏ రోగమూ లేదు."

"లేదు. రోగం మేనేజరు నోట్లో ఉంది."

"మేనేజరు నోట్లోనేనా?"

ఆయన పిల్లి బుట్టని ఓ చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతాను. నువ్వు నోరెత్తకు."

ఆ రాత్రి చెప్పలేదు. మర్నాడు పొద్దున్న శాంపిలు సందు మలుపులో ఎదురుపడితే సైకిల్ చెయిన్ ఊడినట్టు వంగి, వాడు దాటిపోయే దాకా లేవలేదు. ఏమని చెప్పాలి? పిల్లికి పళ్లు లేవురా, అందుకని నీకు ఉద్యోగం లేదు అనా? అసలీ ఏడాదంతా గట్టి సరుకు తెచ్చినవాళ్లందరినీ ఆయన వెనక్కి పంపాడు. ముట్టుకుంటే రాలిపోయే పిండి సరుకునల్లా అరల్లోకి ఎక్కించాడు. వీధిలోని పిల్లులన్నీ ఏడాదిగా ఓ పుచ్చుపళ్ల పిల్లికి సరిపడే మేత తింటున్నాయి.

మూడోనాటికి మేస్త్రీ కొట్టు నడిమధ్య దారం కట్టి నాలుగు వరసలు లేపేశాడు. శాంపిలు ఇటుకల మీద నీళ్లు చల్లుతున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి మొగుడి వైపే చూస్తోంది. ఆ చూపుకి తట్టుకోలేక కొట్టాయన బల్ల కిందికి వంగాడు. ఎర్ర సంచీ ఇంకా అక్కడే ఉంది. గుప్పెడు పలుకులు తీసి గోరువెచ్చటి నీళ్లలో మెత్తబడే దాకా నానబెట్టి, గిన్నెని తడి గోడ పక్కన పెట్టాడు. బుగ్గ వాపు ఇంకా తగ్గని మేనేజరు వచ్చి మూతి పెట్టాడు. గిన్నె నేల మీద జరిగి జరిగి ఇటుకకి కొట్టుకునే దాకా నాకాడు.

"అదేంటి?" మేత కోసం వచ్చిన టైలరమ్మ ఆగిపోయింది. "ఈ మేత వద్దన్నాడుగా?"

"వద్దనలేదమ్మా," అన్నాడు కొట్టాయన. "వీడి పళ్లు పుచ్చిపోయాయి. ఏడాదైంది. ఒరేయ్, నీ సరుకు మంచిదేరా."

మేస్త్రీ తాపీ ఆగింది. శాంపిలు చెంబు కింద పెట్టాడు.

"సంతోషం బావా. చెత్త అన్నదీ నలుగురిలోనే అన్నావు, మంచిదన్నదీ నలుగురిలోనే అన్నావు. బాకీ లేదు." వాడు నవ్వబోయాడు గానీ కుదరలేదు. "ఎప్పుడు తెలిసింది?"

"మొన్న," అంది భార్య, మొగుడు నోరు తెరిచే లోపే.

"నేను నిన్న సాయంత్రం అడ్వాన్సు పుచ్చుకున్నా అక్కా. సెల్‌ఫోన్ల కొట్టతను. గోడ ఆరగానే దిగుతాడు. ఆ డబ్బు ఫీజులకి కట్టేశా."

టైలరమ్మ చేతిలో సంచీని మడతపెడుతూ, ఎవరినీ తిట్టకుండా, తనలో తను అనుకున్నట్టే అంది. "మరి ఏడాదిగా మా పిల్లులకి మేం పెడుతున్నదంతా ఏంటి?"

ఆవిడ ఖాళీ సంచీతోనే మెట్లు దిగింది. ఎదుటి సెలూన్లో కాసేపు ఆగి ఏదో చెప్పింది. సెలూనతను ఇటు చూశాడు. ఈసారి అరవలేదు.

అయినా శాంపిలుకి ఆ మాత్రం తెలియదా? ఊరూరా తిరిగి పిల్లి మేత అమ్మినవాడు, కాలేజీ చదివినవాడు, ఆ రోజు పలుకు టక్కుమని పడ్డప్పుడు 'దాని నోరు చూడు బావా' అని ఒక్క ముక్క అనలేకపోయాడా? కొట్టాయన ఈ ప్రశ్నని పైకి అడగబోయాడు. భార్య ముఖం చూసి మింగేశాడు. మింగినా అది కిందికి దిగలేదు, ఎక్కడో అడ్డంగా నిలబడిపోయింది.

"గోడ మందం ఎవరి లెక్కలో వెయ్యమంటారు?" అని అడిగాడు మేస్త్రీ, టేపు సాగదీస్తూ. "దారం ఇప్పుడే చెప్తే జరుపుతా. ఒంటి ఇటుక గోడ, నాలుగున్నర అంగుళాలు."

శాంపిలు ఏదో అనబోయాడు.

"నా లెక్కలోనే వెయ్యి," అన్నాడు కొట్టాయన.

లేపిన నాలుగు వరసలూ విప్పి, దారం జరిపి మళ్లీ కట్టాడు మేస్త్రీ. సాయంత్రానికి గోడ తలెత్తు లేచింది. మేనేజరు పడుకునే తూకం బల్ల గోడకి అడ్డమొస్తే మూలకి జరిపారు. వాడు దాని మీదికి ఎక్కలేదు. గోడకి అటు చివర ఇంకా మూయని సందులోంచి శాంపిలు వైపు వెళ్లి, అక్కడ ఖాళీ నేల మీద పడుకున్నాడు. కొట్టాయన పిలవలేదు. మేస్త్రీ వదిలేసిన టేపు తీసుకుని, గోడతో కలిపి తన నుంచి పోయిందెంతో తన చేత్తో తనే కొలుచుకున్నాడు. వీధి ముఖం ఎనిమిదడుగుల నాలుగున్నర అంగుళాలు, లోతు ఇరవై రెండడుగులు.