దండెం మీద నల్ల నిక్కరు

మొగుడి నిక్కర్లు వీధివైపు దండెం మీద ఆరేసి, తన లోపలి బట్టలు తువ్వాలు కింద దాచి ఆరేయడం సుగుణకి పంతొమ్మిదేళ్ళ అలవాటు. బందరు కాపురానికొచ్చిన మూడో రోజునే అత్తగారు భాగ్యమ్మ నేర్పింది. "ఆడదాని గుడ్డలు వీధికి కనపడకూడదమ్మా" అని. తువ్వాలు కిందకి ఎండెక్కడొస్తుంది? వానాకాలమంతా సుగుణ చెమ్మ బట్టలతోనే స్కూలుకెళ్ళి లెక్కలు చెప్పేది. మొగుడు ప్రేమ్ సాగర్ మాత్రం తొడలు ఊరికి అప్పజెప్పేసి నిక్కరుతో పాల ప్యాకెట్టుకి వెళ్తాడు, పాస్టరు గారొచ్చినా అదే నిక్కరుతో కుర్చీ వేస్తాడు. ఎవరూ ఏమీ అనరు.

గుడివాడలో ఒక జిమ్ము మేడ మీద, బెంగళూరు నుంచి తిరిగొచ్చిన హిమబిందు అనే అమ్మాయి శనివారాలు ఆడవాళ్ళకి పోల్ డాన్సు నేర్పుతోందని తోటి టీచరు చెప్పింది. నిలువుగా బిగించిన ఉక్కు గొట్టం పట్టుకుని పైకెక్కి తిరగడం. సుగుణ ఫోనులో చూసింది. డాన్సు మీద ఆమెకి మోజేం లేదు, మనసు పడింది ఆ ఎత్తు మీద. తుంటి విరిగిన అత్తగారిని ఆర్నెల్లు మంచం మీంచి లేపింది తను. నీళ్ళ క్యాను, గ్యాసు బండ ఎత్తేదీ తనే. ఇన్ని బరువులు ఎత్తిన చేతులు తన ఒంటిని ఒక్కసారి ఎత్తగలవో లేదో చూసుకోవాలి. అంతకంటే ఏమీ లేదు.

క్లాసుకి ఏం వేసుకోవాలో హిమబిందు ముందే మెసేజీ పెట్టింది. నిక్కరు, చేతుల్లేని బనీను. ఒంటికి నూనె, క్రీము రాయొద్దు. గాజులూ ఉంగరాలూ తీసేయాలి. అవన్నీ వయసు పిల్లలకి చెప్పిన మాటలనుకుంది సుగుణ. ఇంట్లో యోగా అని చెప్పి, లెగ్గింగు మీద మోకాళ్ళు దిగే పెడన కలంకారీ కుర్తా, దాని మీద చున్నీ వేసుకుని రైలెక్కింది. గొట్టం ఎక్కబోయిన మూడుసార్లూ జారింది. మూడోసారి నడుము నేలకి తగిలింది.

"ఇది ఫ్యాషను కోసం కాదక్కా," అంది హిమబిందు చెయ్యందిస్తూ. "గుడ్డ జారిపోద్ది, చర్మమే పట్టుకుంటది. మీ చేతుల్లో బలం ఉంది. మిమ్మల్ని కింద పడేసేది ఈ బట్టలే."

తిరుగు రైల్లో ఆ మాట నడుంనొప్పిని కూడా మరిపించింది. ఒళ్ళు కప్పుకుంటే క్షేమమని పుట్టినప్పట్నించీ వింటోంది. కప్పుకున్నందుకే పడిపోయే చోటు ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు. పోనీ నిక్కరు వేసుకుందామంటే ఎడమ తొడ మీద అరచేయంత కాలిన మచ్చ. క్రిస్మస్ కి పాతికమంది చుట్టాలకి వండుతూ గంజి వారుస్తుంటే మీద పడింది. "ఎవరికి కనపడుద్దిలే, లోపలేగా" అన్నాడు ప్రేమ్ సాగర్, ఓదార్పుగానే. అన్నం ఒలికిపోనందుకు అత్తగారు దేవుడికి స్తోత్రం చెప్పింది. కనపడని చోట కాలితే కాలినట్టే కాదన్నమాట. ఆరోజు రావలసిన కోపం సుగుణకి పదకొండేళ్ళు ఆలస్యంగా, పెడన స్టేషను దాటుతుంటే వచ్చింది.

రైలు దిగి నేరుగా బట్టల కొట్టుకి వెళ్ళి నల్ల నిక్కరు అడిగింది.

"బాబుకాండీ?" అన్నాడు కొట్టతను.

"నాకేనండీ. నలభై నడుము."

మరుసటి శనివారం ఆ మచ్చ చల్లటి ఉక్కుని ఆనుకుంది. హిమబిందు నాలుగు అంకెలు లెక్కపెట్టింది. ఆ నాలుగు అంకెలూ సుగుణ నేలకి మూరెడెత్తున ఉంది. తన బరువు తనకి ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయింది.

సోమవారం పొద్దున్నే నిక్కరు ఉతికి, వీధివైపు దండెం మీద మొగుడివి మూడింటి పక్కన ఆరేసింది. తువ్వాలు కప్పలేదు. వసారాలో వాకరు పట్టుకు కూర్చున్న భాగ్యమ్మ అటే చూస్తోంది.

"అదేంటి సుగుణా? యోగాకి నిక్కరేంటి?" అన్నాడు ప్రేమ్ సాగర్.

"యోగా కాదండీ, పోల్ డాన్సు. యోగా అని అబద్ధం చెప్పాను. ఇక చెప్పను."

అతను వీధి అటూ ఇటూ చూశాడు. "తువ్వాలన్నా కప్పు. పాస్టరు గారు ఇటే వెళ్తారు."

సుగుణ స్కూలు బ్యాగు భుజాన వేసుకుంది. గేటు దాకా వెళ్ళి ఆకాశంకేసి చూసింది.

"మబ్బేసేట్టుంది. చినుకులు పడితే మీవి మూడూ, నాదొకటీ తీసి మడతపెట్టండి."