పక్కవాళ్లకు చీకటి

నేను ఒక ఫోను అద్దాన్ని. అలాగని మామూలు అద్దాన్ని కాదు, ప్రైవసీ గ్లాసు అంటారు. ఎదురుగా చూసేవాళ్లకు ఉన్నదంతా చూపిస్తాను, పక్క నుంచి తొంగిచూసేవాళ్లకు నల్లటి పలకనైపోతాను. ఎక్కడో ఫ్యాక్టరీలో నన్ను కోసి, అంచులు అరగదీసి, కంటికి ఆననంత సన్నటి గీతల పొర ఒకటి లోపల పెట్టారు. ఆ గీతలే నా విద్య. నా పొగరు కూడా అదే.

మండపేటలో సెల్‌ఫోన్ల కొట్లో మేకుకు వేలాడుతూ, నన్ను కొనేవాళ్లు గొప్ప గొప్ప రహస్యాలున్నవాళ్లయి ఉంటారని అనుకునేదాన్ని. తీరా వచ్చింది వకుళ. చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేసి బతికే మనిషి.

"పక్కనున్నవాళ్లకి కనిపించకుండా చేసే గ్లాసుందంట కదండీ?" అని అడిగేసరికే ఆవిడ ముఖం కందిపోయింది.

కొట్టతను నన్ను అంటించాడు. ఫోను మాత్రం ఆవిడ వేలిముద్ర గుర్తుపట్టనని మొరాయించింది.

"ఇది దళసరి గ్లాసు మేడంగారూ, వేలు పట్టదు. ప్రస్తుతానికి లాకు తీసేస్తున్నాను. ఇంటికెళ్లాక మీవాళ్లచేత నంబరు లాకు పెట్టించుకోండి" అన్నాడు.

మీవాళ్లట! ఆ మీవాళ్ల కోసమే కదా ఆవిడ నన్ను కొన్నది. కిటికీలకు పరదాలు కట్టి, వీధితలుపు బార్లా తెరిచినట్టయింది నా కాపలా.

మీవాళ్లంటే ఆ ఇంట్లో ఒక్కరే, అత్తగారు వరాలమ్మ. కొడుకు పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. మిగిలిన ఆడవాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే చీరకు పనిచేస్తారు. ఫాల్ చేత్తో కుట్టేది అత్త, మిషను తొక్కేది కోడలు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఈ రోజుల్లో ఆ రుచి పక్కవాళ్ల ఫోనుకు వచ్చింది. అంతకుముందు పెద్దావిడ ఏదో కాలక్షేపానికి చూసేది. నేను వచ్చాక మెడ సాచి మరీ చూడటం మొదలుపెట్టింది.

"ఇదేం ఫోనే వకుళా, అమావాస్యలాగుందీ?"

"కళ్లకి మంచిదంట అత్తయ్యా."

ఇంతకీ దాచింది ఏమిటంటారా? మొక్కల గ్రూపులో పరిచయమైన రామభద్రంగారి మెసేజీలు. కడియంలో చిన్న నర్సరీ ఆయనది, భార్య పోయింది. సన్నజాజి అంటు పట్టిందనీ, ఎండలు ముదిరాయి కుండీ నీడకు జరపండనీ రాసేవాడు. అంతే. ఆ రెండు ముక్కలు చదివేటప్పుడు వకుళ ముఖం నాకు ఎదురుగా ఉండేది. అంత సంతోషం ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ చూడలేదు.

ఒకరోజు ఆయన రాశాడు. 'ఇద్దరం ఒంటరివాళ్లమే. పెళ్లి చేసుకుందామా? ఆలోచించి చెప్పండి.'

వకుళ చాలాసేపు రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. చివరికి నిలిచింది ఇది. 'మా అత్తయ్యకు నేను తప్ప ఎవరూ లేరండీ. ఆవిడ కూడా నాతోనే ఉంటారు. అందుకు మీరు సరేనంటే నాకూ ఇష్టమే.' పంపబోతుంటే వంటింట్లో పాలు పొంగిన చప్పుడు. ఫోను మంచం మీద పడేసి పరుగెత్తింది.

వరాలమ్మ ఫోను అందుకుంది. ముఖానికి ఎదురుగా పట్టుకుంది. ఎదురుగా ఉన్నవాళ్లకు అబద్ధం చెప్పే విద్య నాకు ఎవరూ నేర్పలేదు. ఆవిడ కళ్లు 'పెళ్లి' దగ్గర ఆగిపోయాయి. అమ్మా, ఇంకొంచెం కిందికి చూడు, అక్కడ నీ ఊసు కూడా ఉంది అని అరవాలనిపించింది. నోరులేని అద్దాన్ని, ఏం చేయను? ఫోను నిండిపోతే శుభోదయం బొమ్మలు ఎలా తీసేయాలో కోడలే ఆవిడకు నేర్పింది. ఆ పాఠం ఇప్పుడు పనికొచ్చింది. వేలితో నొక్కిపట్టి చెత్తబుట్ట బొమ్మ తాకింది. ఆయన అడిగిందీ, ఈవిడ రాసుకున్నదీ, అన్నీ పోయాయి.

ఆ పూట పెద్దావిడ అన్నం ముట్టలేదు. ఫోను చూసుకున్న వకుళకు అర్థమైంది.

"అత్తయ్యా, ఫోన్లో ఏమైనా చూశారా?"

"నేనేం చూత్తానే? అంతా నలుపే కదా" అని వరాలమ్మ సూదిలో దారం ఎక్కించబోయింది. ఎంతకీ ఎక్కలేదు. "నువ్వెళ్లిపోతే ఈ దారం ఎవరెక్కిత్తారే నాకు?" అని, గబుక్కున కళ్లజోడు తీసి పక్కన పడేసి, చీర ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరిలో ఎవరి మీద జాలిపడాలో నాకు తెలియలేదు. వకుళ గోటితో నా మూల పైకి లేపింది. చర్రున ఊడి వచ్చాను, ఒక అంచు చిట్లింది. నన్ను కిటికీ గట్టు మీద పెట్టి, వెళ్లి అత్తగారి పక్కన ఆనుకుని కూర్చుంది. టకటకా రాయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు వాళ్లకు నేను ఎదురుగా లేను, ఓ పక్కన పడున్నాను. ఇన్నాళ్లూ పక్కనున్నవాళ్లను నేనేం చేశానో ఇప్పుడు తెలిసొచ్చింది. అవే మాటలు మళ్లీ రాస్తోందా, కుదరదని రాస్తోందా? చూద్దామంటే ఒక్క అక్షరం కనిపించదు. టకటక ఆగింది. వకుళ ఫోనును అత్తగారి వైపు జరిపింది.

అప్పుడు వరాలమ్మ గొంతు వినిపించింది.

"ఆ కళ్లజోడు ఇలా అందుకోవే."