వారానికొక్క మాత్ర

మా కుట్టుపని షాపులో బట్ట మీద కత్తెర పెట్టే హక్కు ఒక్క అక్కదే. నాకు వరసకు తోడికోడలు, వయసులో పదేళ్ళు పెద్ద. ఆమె కట్ చేసిన కోటు ముక్కల్ని మేం కుట్టడమే తప్ప సరిచేసే పని ఎప్పుడూ పడేది కాదు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుని, తెరవలేక, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. వేళ్ళ కణుపులు రేగుపళ్ళలా ఉబ్బి ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి అక్కా?" అన్నాను.

"చాలా రోజులైంది. పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోదు. మీకెందుకు చెప్పడమని."

కీళ్ళ డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఇది కీళ్ళవాతం అంది. నొప్పి బిళ్ళలతో నెట్టుకొస్తే లోపల కీళ్ళు అరిగిపోతూనే ఉంటాయని, జబ్బును అదుపులో పెట్టే మాత్ర మొదలుపెట్టాలని చెప్పి చీటీ రాసిచ్చింది. అక్క దారిలోనే మందుల షాపులో ఆ మాత్ర కొనుక్కుంది.

ఇంటికొచ్చి డబ్బాలో మడతపెట్టిన కాగితం విప్పింది. చీమతలకాయంత అక్షరాలు. భూతద్దం పెట్టుకుని చివరిదాకా చదివింది. కాలేయం, ఊపిరితిత్తులు, రక్తకణాలు, జుట్టు రాలడం, నోటిపూత. చదివి మాత్రలు బీరువాలో పెట్టి తలుపు వేసేసింది.

"ఆ కాగితాలు చదివితే మంచినీళ్ళు తాగడానికి కూడా గుండె చాలదు," అన్నారు బావగారు, ఆమె భర్త. నవ్వించాలని చూశారు పాపం. అక్క నవ్వలేదు.

షాపుకొచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ తన చెల్లెలికి ఇలాంటి మందుతోనే జుట్టంతా ఊడిందని చెప్పి పోయింది. నా బుద్ధి చూడండి, నేనూ ఊరుకోలేదు. "వేసుకోకపోతే ఏం పోయింది అక్కా? ఇన్నాళ్ళూ లాక్కొచ్చావుగా!" అన్నాను.

అక్క తన చేతుల వంక చూసుకుంది. "ఏం పోతుందో నాకు తెలుసు. వేసుకుంటే ఏం పోతుందో తెలీదు. ఆ తెలియనిదే నన్ను తినేస్తోంది," అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె నమూనాలు గీసే గోధుమరంగు కాగితం ముక్క తీసుకుని, పెన్సిలు రెండు చేతులతో పట్టుకుని రాయడం మొదలుపెట్టింది. పదకొండు ప్రశ్నలు. మర్నాడు నన్ను తోడు తీసుకుని డాక్టరమ్మ ముందు ఆ కాగితం పరిచింది.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. వికారం, నోటిపూత చాలామందికి ఎంతో కొంత వస్తాయి. వాటిని తగ్గించడానికి వేరే రోజున వేసుకునే విటమిను మాత్ర ఉంది. కాలేయం మీద కన్నేసి ఉంచడానికే తరచుగా రక్తపరీక్ష. జ్వరం వచ్చినా, పొడిదగ్గు పట్టుకున్నా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యాలి. "అన్నిటికంటే ముఖ్యం, ఇది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది," అంది.

అక్క చటుక్కున సంచి తెరిచింది. మందుల షాపువాళ్ళు ఇచ్చిన కవరు తీసి చూపించింది. డాక్టరమ్మ చీటీలో వారానికొకటని ఉంటే, దాని మీద మాత్రం నీలం సిరాతో "రోజూ ఒకటి" అని ఉంది.

భయపడి బీరువాలో పెట్టింది కాబట్టి సరిపోయింది. నాలాంటిదైతే చెప్పినట్టు మింగి ఊరుకునేది.

డాక్టరమ్మ అప్పటికప్పుడే షాపుకు ఫోన్ చేసింది. అయినా అక్క తిన్నగా అక్కడికే నడిచింది. నేనైతే వీధి దద్దరిల్లేలా అరిచేదాన్ని. ఆమె కవరు కౌంటరు మీద పెట్టి, "బాబూ, నా సంగతి సరే. ఇదే మందు ఇంకెవరికైనా ఇలాగే రాసిచ్చారా?" అని అడిగింది.

షాపతను గబగబా చీటీల కట్ట తిరగేశాడు. ఒక పెద్దాయనకు నాలుగు రోజుల కిందట ఇచ్చాడట.

"ఫోన్ చెయ్యి. నేను ఇక్కడే ఉంటా."

పెద్దాయన అప్పటికే మూడు మాత్రలు వేసుకున్నాడు. నోరు కాస్త మండుతుంటే వేడి చేసిందనుకుంటున్నాడట. వెంటనే ఆసుపత్రికి వెళ్ళమని షాపతను చెప్పేదాకా, ఆయన కోడలు "బయల్దేరుతున్నాం" అనేదాకా అక్క కదల్లేదు. మోకాళ్ళు సలుపుతున్నా కుర్చీ అడగలేదు. ఆయన్ని కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి, రక్తం కుదుటపడ్డాక ఇంటికి పంపారని తర్వాత తెలిసింది.

ఇంత జరిగాక ఇక ఆ మాత్ర జోలికి పోదనుకున్నాను. బుధవారం సాయంత్రం అన్నం తిన్నాక మాత్ర అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

"భయంగా లేదా?" అన్నాను.

"చచ్చేంత ఉంది. కానీ అడగాల్సినవన్నీ అడిగేశాను. ఇంకా ఆగితే అది పిరికితనమే," అని నీళ్ళతో మింగేసింది. బావగారు పొయ్యి మీది పాలు పొంగకుండా కాపలా కాసినట్టు గంటసేపు ఆమె మొహమే చూస్తూ కూర్చున్నారు. "నన్నట్టా చూస్తే మందు కాదు, మీ చూపే నాకు వికటించేటట్టుంది," అనేసరికి అందరం నవ్వేశాం.

మర్నాడు కడుపులో తిప్పింది. మూడో వారానికి నోట్లో పుళ్ళు లేచాయి. తనంతట తాను మానెయ్యలేదు, ఓర్చుకుని దాచనూ లేదు. ఫోన్ చేసి చెప్పింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, విటమిను మోతాదు పెంచింది. పుళ్ళు మానాయి. దువ్వెనలో జుట్టు కాస్త ఎక్కువే కనిపించేది. "తలకాయ ఉందిగా," అనేది.

మూడు నెలలు దాటాక వాపు దిగడం మొదలైంది. అన్ని వేళ్ళకూ కాదు. కుడి బొటనవేలు ఇంకా మొండికేస్తోంది. మందపాటి బట్టయితే ఇప్పటికీ నన్ను పిలిచి, సుద్దగీత గీసి, పక్కన నిలబడి కట్ చేయిస్తుంది. తన పని నా చేతికి ఇస్తూ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నిన్న రక్తపరీక్ష ఫలితం తీసుకుని బస్సెక్కాం. కాలేయం బాగానే ఉందన్నారు. అక్క కాగితం రెండుసార్లు చదివి సంచిలో పెట్టుకుంది. మా స్టాపు ఇంకా రెండు ఉండగానే లేచి, "దిగు, నడుద్దాం," అంది. వెనకబడింది నేనే.