విజిటర్ల పుస్తకంలో అన్న

నల్లగొండలో నేనుండే హాస్టల్‌లో తిండికీ మంచానికీ పైసా కట్టక్కర్లేదు. ఓ ట్రస్టు వాళ్లు నడుపుతున్నారు. షరతు ఒకటే, పెళ్లికాని ఆడపిల్లలై ఉండాలి. పెళ్లయిన పిల్లకు ఆకలి వేయదని వాళ్లకు ఎవరు చెప్పారో.

నాకు పెళ్లై రెండేళ్లు. మా ఆయన ఐలేశం నందికొండలో, సాగర్ డ్యామ్ దగ్గర ఒక హోటల్లో టూరిస్టులకు చేపలు వేయిస్తాడు. నా డిగ్రీ ఆగకూడదని పట్టుబట్టింది ఆయనే. పోయిన ఏడాది కిరాయి గదిలో ఉండి చదివాను. కిరాయికీ గ్యాసుకూ పోను ఆయన జీతంలో మిగిలింది ఆయన చాయ్‌కి కూడా చాల్లేదు. అందుకే ఈ జూన్‌లో మెట్టెలు తీసేసి, పుస్తెలతాడు అటుకుల డబ్బాలో అడుగున దాచి, పెళ్లి కాలేదని రాసిచ్చి ఇక్కడ చేరాను. మొదటి వారమంతా చేయి మాటిమాటికీ మెడ మీదికి పోయేది.

ఆయన మొదటిసారి చూడటానికి వచ్చినప్పుడు వార్డెన్ నిర్మలమ్మ విజిటర్ల పుస్తకం ముందుకు జరిపి, ఏమవుతాడని అడిగింది. బావ అనబోయి నాలుక కరుచుకున్నాను. మన దగ్గర బావంటే సగం మొగుడే, ఇక గేటు దాటనివ్వదు. అన్న అన్నాను. ఆయన తల వంచుకుని అదే రాశాడు. నవ్వాపుకోవడానికి ఇద్దరికీ చచ్చేంత పనయింది. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా వరండాలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని వానల గురించి మాట్లాడుకున్నాం.

ఆగస్టులో ఒకరోజు ఆయన చెప్పకుండా వచ్చాడు. ఆయనకు సెలవు దొరకడమే గగనం, దొరికిన రోజు ఏమిటో చూసుకునే తీరికెక్కడిది? పుట్టింటికి పోయే ఆడవాళ్లతో బస్సు కిక్కిరిసిందని, దారంతా నిలబడే వచ్చానని చెప్పాడు. ఆ రద్దీ ఎందుకో ఆయనకింకా వెలగలేదు. రాఖీ పున్నం.

పిల్లలంతా ఊళ్లకు పోయారు. హాస్టల్లో మిగిలింది నేనూ నిర్మలమ్మే. ఆమె పళ్లెంలో కుంకుమ, మిఠాయి, ఎర్రదారం రాఖీ పెట్టుకుని వచ్చింది.

"నీ దగ్గర పైసలుండయని నేనే కొనుక్కొచ్చిన బిడ్డా. అన్న ఇంత దూరం వచ్చిండు, ఉత్త చేతులతోని పంపుతవా?"

ఆమె మంచిది కావడమే నా ఖర్మ. చెడ్డదైతే ఏదో ఒకటనేసి లేచిపోయేదాన్ని. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే సాయంత్రానికల్లా పెట్టె సర్దుకోవాలి, చదువు అక్కడితో సరి. ఆయన నా ముఖంకేసి చూసి, నెమ్మదిగా కుడిచేయి చాపాడు. మణికట్టు నిండా నూనె చిట్లి కాలిన మచ్చలు.

"కట్టు మల్లీ," అన్నాడు.

ముడి పడకముందే దారం జారిపోయింది. నిర్మలమ్మ వేలు అడ్డుపెట్టి సాయం చేసింది.

"మూడు ముళ్లెయ్యి. గట్లనే ఎయ్యాలె."

మూడూ వేశాను. ఆయన నా మెడలో వేసినవీ మూడే. ఆ నెల ఖర్చుకని తెచ్చిన ఐదువందల నోటును ఆయన రాఖీ కట్నంలా పళ్లెంలో పెట్టాడు. అలా పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. అన్న మీద ఎంత ప్రేమో అని నిర్మలమ్మ కూడా కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత ఆయన రాలేదు. డబ్బులు మాత్రం నెల తిరగగానే ఫోన్‌కు వచ్చాయి. నేనే పోదామంటే, అక్కడ ఆయనకున్నది హోటల్ వెనక నలుగురు మగవాళ్లు పడుకునే గది. చివరికి ఫోన్ చేసి, కోపమా అని అడిగాను. లేదన్నాడు. మరి ఎప్పుడొస్తావని అడిగాను. బాణలిలో నూనె చప్పుడు వినిపించింది.

"వస్త మల్లీ. గా పుస్తకంల మొగడని రాసేనాడు వస్త."

రాఖీ తీసేశావా అని అడుగుదామనుకున్నాను, అడగలేకపోయాను. పరీక్షలై ఈ హాస్టల్ వదిలేది ఏప్రిల్‌లో. ఇది సెప్టెంబరు.