నేను తిట్టని తిట్టు

వార్తల్లో నా మొహం కనిపించగానే మా అత్తగారు రిమోట్ అందుకుని సౌండ్ పెంచారు. ఆ రోజు పొద్దున మా వీధి బురదలో పడీ పడకుండా నడుస్తుంటే ఒకమ్మాయి నా మూతి ముందు మైకు పెట్టింది. నేను పసిపిల్లల బడిలో టీచర్ని. బడికి ఆలస్యమైపోతోంది, చెప్పులు చేతిలో ఉన్నాయి, ఒళ్ళు మండిపోతోంది. "ఈ రోడ్డు వేసిన పెద్దమనిషి ఎవరో గానీ, ఒక్కసారి ఇటు నడవమనండి" అని నా దారిన నేను వెళ్ళిపోయాను.

టీవీలో "ఈ రోడ్డు వేసిన" దాకా బాగానే వచ్చింది. తర్వాత కుయ్‌మని ఒక కూత. మళ్ళీ "ఎవరో గానీ" దగ్గర నా గొంతు వినిపించింది. ఆ కూత ఉన్నంతసేపూ నా పెదాల మీద మసక కూడా వేశారు, మహానుభావులు.

"ఏమన్నావమ్మా అక్కడ?" అన్నారు అత్తగారు.

"పెద్దమనిషి అన్నానత్తయ్యా."

"పెద్దమనిషంటే కూత ఎందుకు పెడతారు?"

ఆ జవాబు చెప్పాల్సినవాళ్ళు అప్పటికే వాతావరణం సంగతులకు వెళ్ళిపోయారు. కంచం ముందున్న మా ఆయన తలెత్తి నన్ను చూశారు, మళ్ళీ దించేసుకున్నారు. ఆయన కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తారు. ఊళ్ళో అందరి చూపూ సరిచేసే మనిషి నన్ను అలా చూడటం నాకు నచ్చలేదు.

మర్నాటి నుంచి నా బతుకు బజారున పడింది. పక్కింటావిడ గోడ దగ్గరికి పిలిచి, "నాకొక్కదానికి చెప్పు, ఎవరికీ చెప్పనులే" అని చెవి అప్పగించింది. బట్టలు ఇస్త్రీ చేసేవాడు నన్ను చూసి మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. నిజంగా బూతే తిట్టి, దాన్ని ఉన్నదున్నట్టు వినిపించినా ఇంత అప్రతిష్ఠ వచ్చేది కాదు. కూత పెట్టేసరికి ఎవరికి వచ్చిన తిట్టు వాళ్ళు నా నోట్లో పెట్టారు. వాళ్ళకు ఎన్ని తిట్లు వచ్చో నాకు అప్పుడే తెలిసింది.

బడిలో పెద్ద టీచరు తలుపు వేసి కూర్చోబెట్టారు.

"పిల్లల తల్లిదండ్రులు ఊరుకోవట్లేదమ్మా. బూతులు మాట్లాడే మనిషి దగ్గర మా పిల్లల్ని కూర్చోబెట్టం అంటున్నారు. ఏదో కోపంలో నోరు జారాననీ, తప్పయిపోయిందనీ చెప్పేయ్. నేను సర్దేస్తాను."

"జారలేదు కదండీ."

"అయితే విషయం తేలేదాకా ఇంట్లోనే ఉండు."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నాకు నిజం చెప్పు. నేనేమీ అనుకోను" అన్నారు.

అంతా అనుకున్నాకే కదా ఆ మాట వస్తుంది! నాకు ఏడుపొచ్చింది. పెద్ద టీచరు మీద కూడా రానంత ఏడుపు ఆయన మీద వచ్చింది.

అప్పుడే ఆ టీవీ వాళ్ళు ఫోన్ చేశారు. 'టీవీలో బూతులు ఉండొచ్చా?' అని చర్చ పెడుతున్నారట, నేను రావాలట. నాలుగు దులిపి ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. కానీ లైవ్ అన్నారు, అందులో కూత పెట్టడం కుదరదనుకున్నాను. పెద్ద టీచరుకి చెబితే, "తప్పకుండా చూస్తాను, నీ నోటితో నువ్వే చెప్పు" అన్నారు. దాంతో మా ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

స్టూడియోలో నా చీరకి మైకు తగిలిస్తున్న అతను, "భయపడకండి మేడమ్, మాట కాస్త ఆగే బయటికెళ్తుంది. ఏదైనా జారినా మా దగ్గర మీట ఉంది" అన్నాడు. ఆ ధైర్యం నాకెందుకో అర్థం కాలేదు.

చర్చలో సీరియళ్ళు రాసే ఆయన, "జనం తిట్టుకోరా? ఉన్నదే చూపిస్తాం" అన్నాడు. శాలువా కప్పుకున్న పెద్దాయన, "ఇంట్లో ఆడపిల్లలు చూస్తారయ్యా" అని బల్ల గుద్దాడు. ఇద్దరూ నా వంక మాత్రం చూడలేదు. చివరికి యాంకరు నవ్వుతూ నా వైపు తిరిగింది.

"ఆ రోజు మీరేమన్నారో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలరా?"

"పెద్దమనిషి అన్నాను. ఈ రోడ్డు వేసిన పెద్దమనిషి ఎవరో గానీ అన్నాను. అంతే."

కెమెరాల వెనక నిలబడ్డ మా ఆయన మొహం వెలిగిపోయింది. నా గుండె మీంచి బండ దిగినట్టయింది. ఆటోలో ఆయన నా చెయ్యి పట్టుకుని, "నిన్ను అనుమానించాను, నాకు బుద్ధి లేదు" అన్నారు. లేదనే అన్నాను నేను.

ఇంట్లో టీవీ ఆపేసి ఉంది. అత్తగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మళ్ళీ కూత పెట్టారు. ఈసారి రెండుసార్లు."

"అమ్మా, నేనక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను. పెద్దమనిషి అనే అంది" అన్నారు మా ఆయన.

"ఏమందో నువ్వు కూడా నాకు చెప్పవన్నమాట" అన్నారావిడ.

ఫోన్ మోగింది. మా ఆయనే తీశారు. "అవునండీ... లేదండీ, తను అనలేదు... నేను పక్కనే ఉండి విన్నానండీ..." అని చెప్పుకొచ్చారు. "భర్తనే అండీ" అన్నారు, గొంతు తగ్గించి. ఆ తర్వాత వింటూ ఉండిపోయారు.

"బడిలో వేరే టీచర్ని చూసుకున్నారట" అన్నారు ఫోన్ పెట్టేసి.

నా పిల్లలు, వాళ్ళ చీమిడి ముక్కులు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. కూలబడ్డాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. భుజం మీద చెయ్యి వేశారు. నా వైపు చూడకుండా అడిగారు.

"నువ్వన్నది పెద్దమనిషి అనే కదా?"